మూడో అంతస్తా, పన్నెండో అంతస్తా?

హనుమకొండలో ఫ్లాట్ కోసం తిరుగుతూ ఒకే బిల్డింగులో రెండు ఇళ్లు చూశాం. పన్నెండో అంతస్తులో బాల్కనీ తలుపు తీయగానే గోడ క్యాలెండర్ టపటపా కొట్టుకుంది, వెనక బెడ్‌రూమ్ తలుపు ధడాలున మూసుకుంది. మూడో అంతస్తులో అదే సాయంత్రం కర్టెన్ కూడా కదల్లేదు.

కింద ఇళ్లు, చెట్లు గాలికి అడ్డం. ఊళ్లో 10 మీటర్ల ఎత్తులో కంటే 40 మీటర్ల దగ్గర గాలి వేగం సుమారు 40 శాతం ఎక్కువ. వేగం అంత పెరిగితే కిటికీ అద్దం మీద ఒత్తిడి దాదాపు రెట్టింపు. అందుకే పైన గొళ్లేలు, అద్దాలు గట్టివి కావాలి. వానాకాలం గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచే కాబట్టి అటు కిటికీ ఉంటే జల్లు మంచం దాకా వస్తుంది. మే నెల వడగాలికి మాత్రం రెండు చోట్లా మధ్యాహ్నం కిటికీలు మూయాల్సిందే.

అలాగని కింద అంతా ప్రశాంతం కాదు. ఎత్తైన గోడకు తగిలిన గాలిలో కొంత కిందికి జారి, బిల్డింగు మూలల దగ్గర వేగం పుంజుకుంటుంది. గేటు పక్క మూలలో స్టాండేసిన స్కూటీ మా కళ్ల ముందే పడిపోయింది.

ఎదురెదురు కిటికీలుంటే నా ఓటు పైదానికే. ఒకవైపే ఉంటే మూడోది చాలు, పైకెళ్లినా గాలి ఇల్లంతా ఆడదు.