గౌల్డ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లు: 1955 రికార్డింగా, 1981 రికార్డింగా?

జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో ప్రచురించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లను (ఒకే మూలం మీద అల్లిన రూపాంతరాలను) కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ న్యూయార్క్‌లోని ఒకే కొలంబియా స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేశారు. 1955 నాటిది సుమారు 38 నిమిషాల్లో ముగిస్తే, 1981 నాటిది 51 నిమిషాలు సాగుతుంది. ఆరంభంలో వచ్చే మూల రచన ‘ఆరియా’ ఒక్కటే రెండు నిమిషాల లోపు నుంచి మూడు నిమిషాల పైకి పెరిగింది.

ఇరవై రెండేళ్ల యువకుడి వేగం, చురుకుదనం మొదటిదానికి ప్రాణం. అయిదో వేరియేషన్ వింటే ఊపిరి సలపదు. అయితే పలు స్వరధారలు ఒకేసారి సాగే బహుస్వర రచనలో అసలు రుచి ఒక్కో స్వరధారను విడిగా వెంబడించడంలో ఉంది కాబట్టి, ప్రతి మూడో వేరియేషన్‌గా వచ్చే కానన్లకు నేను 1981నే ఎంచుకుంటాను. అక్కడ ఒక ధార పలికిన రాగాన్ని మరో ధార వెనుకనే అందుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. పైగా ఒక్కో సగాన్ని రెండోసారి వాయించే పునరావృతాలను మొదటిసారి పూర్తిగా వదిలేసినా, కానన్ల మొదటి సగాలకైనా ఆయన తిరిగి చేర్చారు.

విచిత్రమేమిటంటే, విషాదభరితమైన ఇరవై అయిదో వేరియేషన్ మాత్రం 1981లోనే కాస్త త్వరగా ముగుస్తుంది. 1955 నాటి వాయింపులోని భావావేశం గౌల్డ్‌కే తర్వాత రుచించలేదు. నాకు మాత్రం అదే ఇష్టం. హెడ్‌ఫోన్లతో వినేవారికి రెండోదానిలో ఆయన కూనిరాగం తప్పదు.