ఐదేళ్లు నడిపాక మా కారు: కాళ్లకు చోటు ఎలా దొరికిందంటే

మాది 2019లో కొన్న చిన్న పెట్రోల్ కారు. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో సగం అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రికే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నెలకోసారి డాక్టరుకు చూపించాలి. కాళ్లు ముడుచుకుని కూర్చోవడంతో జొన్నాడ వంతెన దాటేసరికి ఆవిడ పాదాలు వాచిపోయేవి. నాకు ఎడమ పిక్క లాగేసేది. ఇంజను మీద, మైలేజీ మీద ఒక్క ఫిర్యాదు లేదు. బాధంతా కాళ్ల దగ్గరే.

ముందు నా కాలు సంగతి. ఈ మోడల్‌లో క్లచ్ పక్కన ఎడమ కాలు ఆన్చుకునే డెడ్ పెడల్ లేదు. దాంతో పాదం క్లచ్ మీదే ఉంచి నడిపేవాడిని. అలా చేస్తే క్లచ్ ప్లేట్ త్వరగా అరుగుతుంది. నాది 38 వేల కిలోమీటర్లకే మార్చాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన అంటించే రకం డెడ్ పెడల్ ఒక్క వానాకాలం కూడా ఆగలేదు, మన తేమకు జిగురు వదిలేసింది. చివరికి వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీతో చేయించి, అక్కడ ముందే ఉన్న బోల్టుకే బిగించాం. కార్పెట్ కింద వైర్లు వెళ్తాయి కాబట్టి కొత్త రంధ్రం వేయనివ్వలేదు. క్లచ్ పూర్తిగా తొక్కినా చెప్పు అంచు పట్టీకి తగలకూడదు. మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే పదిసార్లు తొక్కి చూసి అప్పుడు బిగించుకోండి. ఖర్చు 650 రూపాయలు. ఇన్నేళ్లలో ఈ కారుకు చేయించిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఇదే.

అమ్మ కోసం చేసిందల్లా తీసేయడమే. ముందు సీటు కింద నేనే పెట్టించిన ఊఫర్ స్పీకరును డిక్కీలోకి మార్చాను. డ్రైవర్ సీటును రెండు మెట్లు పైకి లేపాను. ఇప్పుడు వెనక కూర్చునే అమ్మ పాదాలు ఆ సీటు కిందకి చాపుకోగలదు. ఊఫర్ తీసేటప్పుడు షాపులో కుర్రాడు పసుపు రంగు కనెక్టర్ లాగబోతే ఆపాను. అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వైర్లు, వాటి జోలికి పోకూడదు.

కారు నేలంతా కప్పే మందపాటి సెవెన్‌డీ మ్యాట్లు కూడా తీసేశాను. పాదాలకు అంగుళం దాకా ఎత్తు కలిసొచ్చింది. వాటి కింద కార్పెట్ తడిసి ముక్కిన వాసన వస్తుంటే వాన నీళ్లే అనుకుని ఏడాదంతా మ్యాట్లు ఎండబెట్టాను. అసలు కారణం వేరు. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు బురదతో పూడిపోయి, నీళ్లన్నీ ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గరకు చేరుతున్నాయి. మన ఉక్కపోతకు ఏసీ గంటసేపు ఆడితే కారు కింద నీళ్లు కారాలి. చుక్క కూడా పడకపోతే ఆ పైపు చూపించండి. గాలి కొట్టగానే మాకు సరిపోయింది. ఇప్పుడు వాడేవి పల్చటి రబ్బరు మ్యాట్లు. డ్రైవర్ వైపు కొక్కెం తప్పనిసరి, మ్యాట్ జరిగి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటే ప్రాణాల మీదకు వస్తుంది.

అదనంగా పెట్టించిన వాటిలో వెనక కెమెరా మంచిది. కాలువ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి వెళ్లాలి కదా, ఇప్పుడు టెన్షన్ లేదు. ఆ కెమెరా స్క్రీన్ బిగించిన షాపువాళ్లు మాత్రం వైరు కోసి, తాళం తీసినా కరెంటు ఆగని లైనుకు కలిపారు. రెండుసార్లు తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయింది. వైరు కోయకుండా కప్లర్‌తోనే (ఒకదానిలో ఒకటి దూర్చే కనెక్టర్) కలపమని ముందే గట్టిగా చెప్పండి. కాళ్ల దగ్గర చిన్న లైటు వేరే ఫ్యూజుతో పెట్టించాను, రాత్రిపూట అమ్మ దిగడానికి బాగుంది.

వెనక మధ్య సీటుకు మాత్రం ఏమీ చేయలేకపోయాను. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్న గట్టు కిందే సైలెన్సర్ పైపు వెళ్తుంది. నలుగురికి మించితే మా అమ్మాయి అక్కడ చెరోవైపు కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది, రావులపాలెంలో ఒకసారి దిగి నడుస్తుంది.