పీవీజీఐఎస్ ఆఫ్‌గ్రిడ్ పేజీ: ఎండ సంగతి సరే, బ్యాటరీ ఎన్ని రోజులు ఖాళీ?

పీవీజీఐఎస్ అంటే ఏ చోట సోలార్ ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తుందో లెక్కగట్టే వెబ్‌సైటు. అందులోని నెలవారీ ఎండ పట్టిక గురించి రాయను, అది అందరూ చూసిందే. ఏళ్ల తరబడి నేను తెరుస్తున్నది అందులోని ఆఫ్‌గ్రిడ్ (కరెంటు లైను లేనిచోట్ల లెక్క) పేజీ ఒక్కటే. ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీలో ఎంత పడుతుంది, రోజుకి ఎంత వాడతాం అన్నవి వేస్తే, ఏ నెలలో నూటికి ఎన్ని రోజులు బ్యాటరీ నిండుతుందో, ఎన్ని రోజులు ఖాళీ అవుతుందో చెబుతుంది. ఉపగ్రహ చిత్రాల్లోని మబ్బుని బట్టి కొన్నేళ్ల ఎండని గంటగంటకీ లెక్కగట్టి, ఆ గంటల వెంబడి మన బ్యాటరీని నింపుతూ, తోడుతూ పోతుందన్నమాట. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం వాళ్లది, పైసా అడగదు.

మా జీడితోట టెక్కలి దాటాక బాగా లోపలికి. అక్కడిదాకా కరెంటు లైను లేదు. కాపలా గదిలో రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, మందుకొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు, బావి మీద చిన్న డీసీ మోటారు. అంతా కలిపి రోజుకి ఒక యూనిట్. "రోజుకి నాలుగున్నర గంటల ఎండ, 330 వాట్ల ప్యానెల్ ఒకటి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, ఇంక చూసుకోనక్కర్లేదు" అని అమ్మిన దుకాణంలో కాగితం మీద గుణించి ఇచ్చారు. ఏడాది సగటుతో గుణిస్తే శ్రావణమూ చైత్రమూ ఒకటే మరి! అవే అంకెలు ఇక్కడ వేస్తే జులై, ఆగస్టుల దగ్గర ఖాళీ రోజులు పైకి లేచాయి. పైగా 12 వోల్టుల 150 ఏహెచ్ అంటే 1.8 యూనిట్లు. మనం మార్చకపోతే ఈ పేజీ బ్యాటరీలో 40 శాతం మిగిలి ఉండగానే వాడకం ఆపేస్తుంది, అంటే చేతికొచ్చేది యూనిట్ చిల్లర.

ఇంకో బ్యాటరీ కొనాలనే అనుకున్నాను. అప్పుడు కంటబడింది పక్క గడి: పట్టుకోలేక వదిలేసిన కరెంటు రోజుకి ఎంత అని. మార్చి, ఏప్రిల్‌లలో అది బాగా ఎక్కువ. బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోతే, ప్యానెల్ ఎండలో ఉత్తినే కూర్చుంటుంది. ఎందుకంటే వాడకమంతా దాదాపు సాయంత్రమే అని ఆ పేజీ అనుకుంటుంది. నిజానికి మా తోటలోనూ అంతే. స్ప్రేయర్లు రాత్రి చార్జింగ్, మోటారు చీకటి పడే వేళ. ఇరవైనాలుగు గంటల్లో ఏ గంటకి ఎంత వాడతామో చిన్న ఫైలులో రాసి ఎక్కించవచ్చు. స్ప్రేయర్లనీ మోటారునీ పదకొండు నుంచి రెండు మధ్యకి జరిపి మళ్లీ లెక్క వేయించాను. కొత్త సామాను ఏదీ లేకుండానే వానాకాలంలో కూడా ఖాళీ రోజులు తగ్గాయి! ఆ ఎండ గంటల్లో తీసిన కరెంటు బ్యాటరీ గుమ్మం తొక్కదు కదా. తోటలో నిజంగా అలాగే మార్చాం. పూత మీద టీ దోమకి మందు కొట్టే రోజుల్లో కూడా రాత్రి ఫ్యాను ఆగలేదు. తర్వాత కొన్నది రెండో ప్యానెలే. మబ్బు రోజున రెండో బ్యాటరీ ఉన్నా, దాన్ని నింపేదెవరు?

అప్పట్లో ఈ పేజీని మా వాళ్లందరికీ కళ్లు మూసుకుని చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. అక్టోబరులో నూటికి పది రోజులు ఖాళీ అంటే మూడు రోజులు. అవి విడివిడిగా వస్తాయా, ఒకేసారి వస్తాయా అన్నది ఆ పట్టికలో ఉండదు. మన వైపు ఒకేసారే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలోనే తీరం దాటింది, అది చూసినవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ఓసారి వాయుగుండానికి ముసురు పట్టి బ్యాటరీ అడుగంటింది. తెల్లారి ఫెళ్లున ఎండ. అయినా ఇన్వర్టర్ లేవదు. ఒకసారి ఆగాక బ్యాటరీ కొంత మట్టానికి ఎక్కేదాకా అది మళ్లీ పనిచెయ్యదు. "ఎండ ఇరగ్గాసేస్తంది గదా బాబూ, కరెంటు నేదంటావేటి?" అన్నాడు కాపలా అతను. నా దగ్గర ఉన్నది నెలవారీ శాతం. అతనికి ఏం చెప్పను?

టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలు. ఆ ధూళి ఉపగ్రహానికి కనిపించేది కాదు. అందుకని ప్యానెల్ వాట్లు పదో వంతు తగ్గించి వేస్తాను. ఇంకోటి, ప్యానెల్ చూసే దిక్కు అడిగినప్పుడు ఇక్కడ దక్షిణానికి సున్నా వెయ్యాలి, అమెరికా వాళ్ల ఇలాంటి సైటే అయిన పీవీవాట్స్‌లో 180. అక్కడి అంకె ఇక్కడ వేస్తే ప్యానెల్ ఉత్తరం చూస్తుంది.

నాది చిన్న గది, ఒక యూనిట్ వ్యవహారం. బోరు మోటారు పెట్టుకునేవాళ్లకి ఇది ఏ మేరకు పనికొస్తుందో నా అనుభవంతో చెప్పలేను. విజయనగరంలో డాబా మీద నెట్ మీటరుతో (మిగిలిన కరెంటు లైనులోకి పంపేలా) పెట్టుకున్నవాళ్లకి ఈ పేజీతో పనే లేదు. మా ట్యూబులర్ పాతబడింది. లిథియం ధర గిట్టుబాటైతే ఆ 40 శాతాన్ని 20కి దించి మళ్లీ లెక్క వేయించాలి.