లైట్ ఆలివ్ నూనె: రంగు లైటు, వాసన లైటు, కొవ్వు మాత్రం ఫుల్లు

పోయిన నెల మా ఆయన రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ గీత దాటి కాస్త పైకొచ్చింది. డాక్టరుగారు నూనె తగ్గించమన్నారు. నాకు టెన్షన్, ఆయనేమో "లైట్ తీస్కో" అన్నారు. సరే అని నిజంగానే లైట్ తీసుకున్నాను, అంటే సూపర్‌మార్కెట్‌కి వెళ్లి 'ఎక్స్‌ట్రా లైట్' అని పెద్దక్షరాలతో ఉన్న ఆలివ్ నూనె లీటరు సీసా కొనుక్కొచ్చాను. 1,150 రూపాయలు. ఆ డబ్బుకి మేం మామూలుగా వాడే పల్లీ నూనె ఐదారు ప్యాకెట్లు వచ్చేవి. కంపెనీ పేరు రాయను, అదే మాట వేసుకుని అమ్మే సీసాలు ఆ ర్యాకులోనే ఇంకో మూడు కనిపించాయి. ర్యాకు సర్దుతున్న కుర్రాడు కూడా "ఇది లైట్ మేడం, కడుపులో బరువుండదు" అని భరోసా ఇచ్చాడు.

ముందు నూనె సంగతి చెప్తాను, వంటకి బాగానే ఉంది. ఇంతకుముందోసారి ఎక్స్‌ట్రా వర్జిన్‌తో, అంటే రిఫైన్ చేయని ఆలివ్ నూనెతో, ఉప్మా చేస్తే పచ్చిగడ్డి వాసనని పిల్లలు ముట్టలేదు, దీంతో ఆ గోల లేదు. పోపు వేస్తే ఆవాలు చక్కగా చిటపటలాడాయి, మూకుడు బాగా కాగినా పొగ తొందరగా రాలేదు. గారెలు కూడా వేశాను, ఎర్రగా కరకరలాడుతూ వచ్చాయి. కానీ వేడన్నంలో కందిపొడి వేసి దీన్ని ఓ చెంచా కలిపితే మాత్రం ఏదో మర్చిపోయినట్టుంది. మా అత్తయ్య రెండుసార్లు వాసన చూసి "ఇది నూనేనా అమ్మాయ్, రంగు కలిపిన నీళ్లా?" అన్నారు. ఆవిడకి పప్పునూనె ఘుమఘుమ లేనిది నూనె కిందే లెక్క కాదు. ఆవకాయకి దీన్ని వాడే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి.

నాకు అనుమానం వచ్చింది మూడో వారంలో, సీసా సగం దాటాక. వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదివాను. 100 మిల్లీలీటర్లకి 824 క్యాలరీలు అని ఉంది. డబ్బాలో ఉన్న పల్లీ నూనె ప్యాకెట్ తీసి చూస్తే దాని మీద 900. అబ్బ, నిజంగానే తక్కువ ఉందే అని ఒక నిమిషం సంబరపడ్డాను కూడా. తీరా మళ్లీ చూస్తే ప్యాకెట్ మీద లెక్క 100 గ్రాములకి, సీసా మీద లెక్క 100 మిల్లీలీటర్లకి! నూనె నీళ్లకంటే తేలిక కదా, లీటరు నూనె తూచితే దాదాపు 910 గ్రాములే వస్తుంది, ప్యాకెట్ల మీద కూడా అలాగే రాసుంటుంది చూడండి. ఆ తేడా సరిచేసుకుంటే రెండూ ఒకటే. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు, అది ఆలివ్ అయినా పల్లీ అయినా నెయ్యిలో ఉన్న కొవ్వయినా. పెద్ద చెంచాడు పోస్తే 120 దాకా పడ్డట్టే.

మరి లైట్ ఏంటి? రంగు, వాసన, రుచి. అంతే. ఆలివ్ నూనెని రిఫైన్ చేస్తే ఆకుపచ్చదనం, ఘాటు పోయి పాలిపోతుంది, అందులో కొంచెం వర్జిన్ నూనె కలిపి అమ్ముతారు. ఆలివ్ నూనెకి పేరు తెచ్చిన పాలీఫినాల్స్, అంటే ఒంటికి మేలు చేస్తాయనే మొక్కల పదార్థాలు కూడా రిఫైనింగ్‌లో చాలావరకు పోతాయి. గుండెకి మంచిదనే ఒలీక్ ఆమ్లం అనే కొవ్వు మాత్రం మిగులుతుంది, అది నిజమే, కానీ అది మన పల్లీ నూనెలోనూ బాగానే ఉంటుంది.

ఇక్కడ ఇంగ్లీషు వాడి అదృష్టం ఏంటంటే, వాడికి బరువు లేనిదీ లైటే, లేత రంగూ లైటే. నిజానికి ఇవి రెండు వేర్వేరు మాటలు, కాలం గడిచేకొద్దీ ఒకేలా తయారయ్యాయి. జర్మన్‌లో ఇప్పటికీ బరువు లేనిది లైష్ట్, వెలుగు లిష్ట్. ఊపిరితిత్తుల్ని ఇంగ్లీషులో లంగ్స్ అంటాం కదా, అది కూడా ఈ బరువు లేని లైట్‌కి చుట్టమే, మాంసంగా అమ్మే ఊపిరితిత్తుల్ని అయితే లైట్స్ అనే అనేవాళ్లు. సీసా మీదున్నది లేత రంగు లైటు, మన బుర్రలో వెలిగేది కొవ్వు తక్కువ లైటు. కంపెనీ అబద్ధం రాయలేదు, మనం చదివినదే వేరు.

అదే తెలుగులో రాయమనండి చూద్దాం. రంగుకి 'లేత' అనాలి, లేత రంగు నూనె అంటే ఎవరూ 1,150 పెట్టరు. 'తేలిక నూనె' అంటే మా అత్తయ్య కూడా అడుగుతుంది, ఏ నూనె తేలలేదు నీళ్ల మీద అని, ఎందుకంటే తేలేది కాబట్టే తేలిక. మన తేలికకీ వేషాలు తక్కువేం కాదు, లెక్క తేలిక, అప్పు తీరితే మనసు తేలిక, మనిషిని తేలిక చేసి మాట్లాడితే గొడవ. కానీ రంగు జోలికి మాత్రం పెద్దగా పోదు. 'లైట్ తీస్కో' ఒకటే మనం ఇంగ్లీషు మాటతో సొంతంగా వండుకున్నది, ఇంగ్లీషువాడికి దాన్ని మాటకి మాట అప్పజెప్తే దీపం తీసుకెళ్లమంటున్నారేమో అనుకుంటాడు.

అమెరికాలో దీనికి ఓ నియమం ఉంది. లేబుల్ మీద ఊరికే లైట్ అని వేస్తే మామూలు సరుకుకంటే కొవ్వు సగమో, క్యాలరీలు మూడోవంతో తగ్గి ఉండాలి, సగానికి పైగా క్యాలరీలు కొవ్వు నుంచే వచ్చే సరుకైతే కొవ్వు సగం తగ్గాల్సిందే. రంగు గురించో మెత్తదనం గురించో అయితే ఆ ముక్క పక్కనే చెప్పాలి. నా సీసా మీద కూడా 'రుచిలో తేలిక' అనే అర్థం వచ్చే మాట ఉంది లెండి, కాకపోతే వెనకాల, కళ్లజోడు పెట్టుకుంటే కనపడేంత.

నష్టం క్యాలరీలు తగ్గకపోవడంతో ఆగలేదు. లైట్ కదా అని నా చెయ్యే జారింది. పోపుకి రెండు చెంచాలు పోసేదాన్ని మూడు పోశాను, మామూలుగా మూడు గారెలతో లేచే మా ఆయన "ఇవి లైట్ కదా" అంటూ ఆరు లాగించారు. మామూలుగా మాకు లీటరు నూనె పది రోజులు పైనే వస్తుంది, అన్ని వంటలూ దీంతోనే చేసుంటే ఈ సీసా వారానికే ఖాళీ అయ్యేది, మిగతా వంట పల్లీ నూనెతో చేశాను కాబట్టి నెల లాగింది.

కాబట్టి వాసన లేని, వేపుళ్లకి పనికొచ్చే ఆలివ్ నూనె కావాలి, ధర పర్లేదు అనుకుంటే కొనుక్కోండి, దాని పని అది చేస్తుంది, అయిదుకి మూడు చుక్కలు ఇస్తాను. సలాడ్ మీద చల్లుకోవడానికైతే ఎక్స్‌ట్రా వర్జిన్ కొనండి. బరువు తగ్గడానికో కొలెస్ట్రాల్ కోసమో ఈ మాట చూసి కొనాలనుకుంటే ముందు వంటింట్లో కొలత చెంచా ఒకటి పెట్టుకోండి, నేను చివరికి ఆ పనే చేశాను, ఇరవై రూపాయలు.

సీసా మాత్రం బాగుంది, గాజుది, మూత గట్టిది, నూనె సన్నగా ధార కడుతుంది. కడిగి ఆరబెట్టి గానుగ పల్లీ నూనె పోసి పెట్టాను. లేబుల్ గోకితే ఊడలేదు. మొన్న మా ఆడపడుచు వచ్చి చూసి, "ఎక్స్‌ట్రా లైటా వదినా? మరి ఇంత వాసనేంటి?" అంది.