14 వేలకు కొన్న పాత రాయి కోత మిషన్, మూడేండ్లు వాడినంక

ముందుగాలనే చెప్తున్న, ఇది టైల్స్ కోసే మిషన్ గురించి కాదు, గ్రానైట్ దుకాణాలల్ల ఉండే పెద్ద కట్టర్ గురించి గూడ కాదు. హకీక్ (ఇంగ్లీషుల అగేట్), జాస్పర్, స్ఫటికం అసొంటి రాళ్లను పలుచగ పలకలు కోసుకునే చిన్న మిషన్. 10 అంగుళాల డైమండ్ బ్లేడు, కింద నీళ్ల తొట్టి, రాయిని పట్టుకునే వైస్, మీద మూత, గంతే. కొత్తది కొందామంటే నాకు అందే రేటు కాదు. హైదరాబాద్‌ల ఉంగరం రాళ్లకు సాన పట్టే ఒక పెద్దాయన దుకాణం బంద్ చేస్తున్నడని తెలిసి పోయిన, 18 వేలన్నడు, 14కు తెగింది. హన్మకొండకు ట్రాలీల ఏసుకొని వచ్చేసరికి ఇంకో 2,500 అయింది. మా అమ్మ గేటు కాడ నిలబడి చూసి "ఈ తుప్పుకు నువ్వు పైసలిచ్చినవా, తీస్కపొమ్మని ఆయనే నీకు ఇచ్చిండా" అన్నది.

రాళ్ల పిచ్చి ఎట్ల పట్టిందంటె మా అక్కను ఆదిలాబాద్ జిల్లాకు ఇచ్చినం, వాళ్ల నల్లరేగడి చేన్ల దున్నినప్పుడల్లా నాగలికి ఆలుగడ్డలసొంటి గుండ్రటి రాళ్లు తగుల్తయి, పైకి చూస్తె పనికిమాలిన రాయే, పగలగొడ్తె లోపల తెలుపు, బూడిద, ఎరుపు గీతలు ఉల్లిగడ్డ పొరల్లెక్క ఉంటయి. 6.6 కోట్ల ఏండ్ల కింద దక్కన్ మీద లావా పారినప్పుడు దాంట్ల గాలి బుడగలు మిగిలినయి, ఆ బొక్కలల్ల నీళ్లతోని వచ్చిన సిలికా పొర మీద పొర పేరుకొని హకీక్ అయింది. కాళేశ్వరం కాడ గోదావరిల దొరికే గులకరాళ్లల్ల గూడ ఇవి ఉంటయి, ఎందుకంటె అక్కడ కలిసే ప్రాణహితకు వార్ధా, పెన్‌గంగ నీళ్లు ఆ లావా రాతి నేల మీదికెల్లే వస్తయి. సుత్తెతోని కొడ్తె పదిల తొమ్మిది పాడైతయి. అందుకే మిషన్.

ఇగ మిషన్ సంగతి. తొట్టిల అడుగున నాలుగు అంగుళాల రాతి బురద సిమెంటు లెక్క గట్టిపడి ఉండె. కుర్పితోని గీకితే రాలేదు, రెండు రోజులు నీళ్లల్ల నానబెట్టి చిన్న పలుగుతోని పొడిసి పొడిసి తీసిన. దాని కింద ఒక ఎర్ర హకీక్ రాయి దొరికింది, పిడికిలి కంటె జర పెద్దగ, సగం దాక కోసి ఇడిచిపెట్టింది. కడిగి కిటికీల పెట్టిన, దాని ముచ్చట తర్వాత చెప్త. తొట్టి అడుగు రెండు కాడ జల్లెడ అయింది, వెల్డింగాయన పాత రేకు అంతా కోసి కొత్తది ఏసిండు. మోటార్ 1 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 1440 ఆర్‌పీఎం, స్విచ్ ఏస్తె మూలుగుడే గని తిరగలే, కెపాసిటర్ పోయిందనుకున్న, చూస్తె వైండింగే కాలింది, రివైండింగ్‌కు 2,200. బ్లేడు తిరిగే షాఫ్టుకు ఉన్నవి 6204 నంబరు బేరింగులు, ఎక్కడ పడితె అక్కడ దొరుకుతయి, బెల్టు, పుల్లీలు కలుపుకొని 1,900. బ్లేడు 2,800. వెల్డింగ్, రంగు, మూతకు పారదర్శకం షీటు 2,100. స్టార్టర్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతె తనంతట తానే పడిపోయే స్విచ్) 2,400. మొత్తం 28 వేల దాక పడ్డది. ఆర్‌సీసీబీ కాడ మాత్రం పిసినారితనం చెయ్యకున్రి, నీళ్లు చిమ్మే మిషన్, ఇనుప బాడీ, చేతులు తడి. 30 మిల్లీ ఆంప్స్‌ది పెట్టిన, ఎర్తింగ్ వేరేగ కొట్టించిన. ఒకసారి వానకాలంల టక్కున పడ్డది, మోటార్ డబ్బాల నీళ్లు పోయినయి, అది లేకుంటె ఈ సమీక్ష రాసేటోణ్ని కాదు.

పుల్లీల ముచ్చట ఒకటి. పాతాయన మోటార్‌కు 5 అంగుళాలది, షాఫ్టుకు రెండున్నరది పెట్టిండు, అంటె బ్లేడు నిమిషానికి 2880 సార్లు తిరుగుడు. 10 అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు, లెక్క కడితె అంచు సెకనుకు 38 మీటర్లు ఉరుకుతది. నీళ్లన్నీ బ్లేడు మీద నిలవకుండ మూతకు కొట్టుకునుడే, హకీక్ పెడితె కాలిన వాసన. 4, 3 పుల్లీలు మార్చిన, 1920 తిరుగుడు, సెకనుకు 25 మీటర్ల చిల్లర, అప్పుడు నిమ్మళమైంది. జోరు ఎక్కువుంటె జల్ది తెగుతదనుకునుడు ఉత్త మాట.

అసలు కథ ఇప్పుడొస్తది. మొదటి నాలుగు నెలలు నేను ఈ మిషన్‌ను తిట్టని రోజు లేదు. పలకలు చదునుగ వచ్చేటియి కాదు, మీద అర్ధచంద్రాల లెక్క లోతు గీతలు, స్కేలు నిలబెడితె నడుమల కింద నుంచి వెలుతురు కనబడేది. సాన పట్టి గీతలు పోగొట్టేసరికి చేతులు పడిపోయేటియి. బ్లేడు మంచిది కాదనుకున్న, మోటార్‌ల దమ్ము లేదనుకున్న, నీళ్లు తక్కువైనయి అనుకున్న. ఒకరోజు కోత నడుమల కిర్రుమని సప్పుడొచ్చి ఆగింది, తీసి చూస్తె బ్లేడు చాట లెక్క వంగింది. 2,800 మట్టి పాలు.

తప్పు వైస్‌ది. వైస్ నడిచే రెండు రాడ్లు బ్లేడుకు సమాంతరంగ లెవ్వు, గంతే. రాయి ముందుకు పోతున్నకొద్ది జర జర పక్కకు పోయి బ్లేడును నెడ్తది, బ్లేడు ఏం చేస్తది పాపం, వంగుతది. దీన్ని ఎట్ల పట్టుకోవాలె అనేది ములుగు రోడ్డు దిక్కు లేత్ మిషన్ నడిపే ఒక అన్న చూపెట్టిండు. కరెంటు తీసేసి బ్లేడు మీద ఒకటే కాడ మార్కర్‌తోని చుక్క పెట్టాలె. వైస్‌కు పెన్ను రీఫిల్ గట్టిగ కట్టి దాని మొన బ్లేడు ముందట అంచుల ఆ చుక్కకు ఆనీ ఆననట్టు పెట్టాలె. తర్వాత వైస్‌ను వెనకకు జరిపి, బ్లేడును చేతితోని తిప్పి అదే చుక్కను వెనక అంచుకు తేవాలె, అక్కడ మొనకు చుక్కకు నడుమ ఎంత సందు వచ్చిందో ఫిల్లర్ గేజ్‌తోని (సందులు కొలిచే పలుచటి రేకుల కట్ట) చూడాలె. అదే చుక్క ఎందుకంటె ఏ బ్లేడైనా జర ఊగుతది, వేరే వేరే కాడ కొలిస్తె ఆ ఊగుడు గూడ లెక్కల కలుస్తది. నాది 7 అంగుళాల దూరంల 1.2 మిల్లీమీటర్లు తేడా. నాలుగు నెలలు నేను బ్లేడును కొనుక్కొచ్చి మరీ వంచినన్నమాట.

సరి చేసుడు పెద్ద పనేం కాదు, ఓపిక పని. కూల్‌డ్రింక్ డబ్బా కత్తెరతోని కత్తిరించి ముక్కలు చేసి వెనక రాడు బోల్టుల కింద ఒక్కొక్కటి పెట్టుకుంట పోయిన, ఒక రేకు ముక్క 0.1 మిల్లీమీటర్ దాక ఉంటది. పెట్టు, బిగించు, కొలువు, ఇప్పు, ఇంకోటి పెట్టు. పొద్దున షురూ చేస్తె పొద్దూకింది. చివరికి 0.1 ఫిల్లర్ పట్టనంత అయింది. దాంతోపాటు బ్లేడును పట్టుకునే రెండు బిళ్లలు, బ్లేడు బొక్కల పెట్టే బుష్ లేత్ మీద కొత్తయి కోయించిన, ఎందుకంటె బ్లేడుకు 25.4 మిల్లీమీటర్ల బొక్క ఉంది, షాఫ్టు 20 మిల్లీమీటర్లు, పాత బుష్ వదులు. ఆ రోజు రాత్రి కోసిన మొదటి పలకను అద్దం మీద బోర్లేస్తె ఊగలే. నేను మా ఆవిడను నిద్ర లేపి చూపెట్టిన, ఆమె "మంచిగుంది, పండుకో" అన్నది.

అందుకే ఎవరన్న పాతది కొనేటందుకు పోతె మోటార్ సప్పుడు ఇనుడు, రంగు చూసుడు కాదు, రీఫిల్ ఒకటి జేబుల పెట్టుకొని పోన్రి. మోటార్ పైసలు పెడితె వస్తది. వైస్ వదులుండి, రాడ్లు అరిగి ఉంటె ఆ మిషన్ ఫుకట్‌గ ఇచ్చినా తెచ్చుకోకున్రి.

వైస్ పట్టే తీరు గూడ నేర్చుకునేసరికి టైం పట్టింది. గుండ్రటి రాయి వైస్‌ల నిలవది, కోత నడుమల ఇంత కదిలినా బ్లేడు ఇరుక్కుంటది. మొదట్ల చెక్క ముక్కలు పెట్టి బిగించేటోణ్ని, ఇప్పుడు ఐస్‌క్రీమ్ డబ్బాల రాయిని పెట్టి చుట్టూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తున్న, మరునాటికి ఇటుక లెక్క చదును అయితది, వైస్‌కు మస్తు దొరుకుతది. వైస్‌ను ముందుకు గుంజేది తాడుకు కట్టిన బరువు. కిలో బాటు కడితె ఎక్కువైంది, అర కిలో తక్కువ, నా మిషన్‌కు 700 గ్రాముల అటు ఇటు సరిపోతది. రెండు అంగుళాల హకీక్ తెగేటందుకు పది నిమిషాల దాక పడ్తది. ఆఖరి సెంటీమీటర్ కాడ సప్పుడు మారుతది, అప్పటిదాక గుర్రు గుర్రు అన్నది జర సన్నగ, తేలికగ అయితది, అప్పుడు బరువు చేతితోని లేపి పట్టాలె, లేకుంటె పలక తనంతట తానే ఇరిగి అంచుకు ముక్కు మిగులుతది. ఈ సప్పుడు చెవికెక్కినంక నేను మిషన్ కాడ ఫోన్ చూసుడు బంద్ చేసిన.

బ్లేడు మొద్దువారుడు గురించి మస్తు మందికి సమజ్ కాదు. ఈ బ్లేడుకు పండ్లు ఉండయి, అంచుల లోహంల వజ్రం పొడి కలిపి ఉంటది. లోహం అరుగుతుంటె కొత్త వజ్రాలు బయటకొస్తయి. గ్రానైట్ గరుకు రాయి, లోహాన్ని తనే అరగదీస్తది, మా కాడ తుక్కు కింద దొరికే కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ ముక్కలు ఎన్ని కోసినా బ్లేడు పదునుగనే ఉంటది. హకీక్ మాత్రం నున్నటి రాయి, వజ్రాలు అరుగుతయి గని లోహం అరగది, బ్లేడు అంచు పట్టుకుంటె గాజు లెక్క జారుతది, కోత ఆగిపోతది. అప్పుడు బరువు పెంచితె బ్లేడు ఖతం. పాత గ్రైండింగ్ వీల్ ముక్క ఒకటి వైస్‌ల పెట్టి నాలుగైదు సార్లు కోస్తె సరి, మళ్లీ పదును వస్తది. నేను ప్రతి పది పదిహేను హకీక్ పలకలకు ఒకసారి చేస్త. రాడ్లు సరి చేసినంక ఏసిన బ్లేడు రెండేండ్ల దాక వచ్చింది, ఇప్పుడు నడిచేది మూడోది.

నీళ్లా, నూనెనా అంటె, నూనె తోని కోత నున్నగ వస్తది, నిజమే, తుప్పు గూడ పట్టది, గని ఇంట్ల ఆ తుంపర్లు, వాసన, పలకలు సర్ఫ్‌ల కడుగుడు నాతోని కాలేదు. డీజిల్ కలపమని ఒకాయన సలహా ఇచ్చిండు. ఆ పని చచ్చినా చెయ్యకున్రి, అంటుకుంటది, పీలిస్తె ఊపిరితిత్తులు ఖరాబ్. లేత్ దుకాణాలల్ల వాడే, నీళ్లల్ల కలిపితె పాల లెక్క తెల్లగయ్యే కటింగ్ ఆయిల్ ఏసిన, మంచిగనే ఉండె గని ఎండాకాలంల రెండు వారాలు ఉంచితె కుళ్లిన వాసన, మా అమ్మ గిన్నెలు తోముకుంట "ఎలుక సచ్చిందేమో చూడున్రి" అని ఇల్లంతా ఎతికించింది. ఇప్పుడు అదే కలుపుత, గని పని అయినంక ఆ పూటనే బకెట్ల ఒంపేస్త, బురద అడుగుకు దిగినంక పైన నీళ్లు మళ్లీ ఒకసారి వాడ్త. బురద మోరీల పోస్తె పైపు జాం అయితది, ఒకసారి అయింది, కిందింటోళ్ల తోని లొల్లి గూడ అయింది.

ఇంకో మాట, ఈ బురద ఎండితె వచ్చే దుమ్ము సిలికా, ఊపిరితిత్తులల్ల పోతె మళ్ల రాదు, సిలికోసిస్ అనే రోగం దాంతోనే వచ్చేది. తడిగ కోస్తున్నం కదా అని ధీమా వద్దు, మూత ఏసే కోయాలె, మాస్కు పెట్టుకోవాలె, నేలను చీపురుతోని ఊడ్వద్దు, తడి బట్టతోనే తుడువాలె. నేను మొదటి ఏడు ఊడ్చిన, ఇప్పుడు తలుసుకుంటె భయమైతది.

కరెంటు తోని ఒకటే తకరారు, ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజ్ పడిపోయి మోటార్ గుంజది, రెండు కెపాసిటర్లు అట్లనే పోయినయి. రాయి బ్లేడుకు ఆనిచ్చి స్విచ్ ఎన్నడు ఏయొద్దు. అట్ల ఆగినప్పుడల్లా పక్కింటి తాత గోడ మీదికెల్లి "వేయి స్తంభాల గుడి 1163ల కట్టినోళ్లకు కరెంటు ఉండెనారా" అని మొదలు పెడ్తడు. ఉండకపోవచ్చు తాతా, వాళ్లకు మధ్యాహ్నం నిద్ర పాడైందని కొట్లాటకు వచ్చే పక్కింటోళ్లు గూడ ఉండకపోవచ్చు.

పాలిష్ సంగతి వేరే రాయాలె, పలకలను 80 నంబరు గరుకు నుంచి 1000 నంబరు నున్నటి దాక సిలికాన్ కార్బైడ్ తోని రుద్ది, ఆఖరికి సీరియం ఆక్సైడ్ తోని మెరిపిస్త, మా అక్క బిడ్డలకు లాకెట్లు, చుట్టాలకు టీ కప్పు కింద పెట్టే బిళ్లలు. పైసలు మాత్రం ఒక్క రూపాయి సంపాయించలే. ఇది సంపాదనకు అనుకొని కొనేటోళ్లకు నేను వద్దనే చెప్త.

ఇగ ఆ ఎర్ర రాయి. మూడేండ్లు కిటికీల ఉంది, కోయబుద్ధి కాలే, ఎవరో చేతి పని మధ్యల ఇడిచినట్టుండె. పోయిన నెల ధైర్యం చేసి పాత కోతల బ్లేడు సరిగ్గ కూసునేటట్టు ప్లాస్టర్ల పెట్టి నడిపిచ్చిన. సగం దాటి రెండు వేళ్లంత పోయిందో లేదో టప్పుమని సప్పుడు. లోపల అడ్డంగ పగులు ఉండె, పైకి కనబడది. పాతాయన ఎందుకు ఆపిండో అప్పుడు సమజైంది, ఆయనకు సప్పుడులనే తెలిసినట్టుంది. ముక్కలు రెండు తూకం ఏస్తె 680 గ్రాములు ఉన్నయి, గుడ్డ సంచిల ఏసి వైస్ గుంజే తాడుకు కట్టిన.