కరెంట్ పొదలకు స్పైనోసాడ్ సీసా: ఏ పురుగుకు పనికొస్తుంది, దేనికి డబ్బు దండగ

మిన్నెసోటా, మిషిగన్, న్యూయార్క్ లాంటి చలి రాష్ట్రాల్లో పెరట్లో రెడ్‌కరెంట్ (గుత్తులుగా చిన్న పుల్లటి ఎర్రపళ్లు కాసే పొద), గూస్‌బెర్రీ వేసుకున్నవాళ్లకు మే నెల వచ్చిందంటే ఒకటే గోల. శుక్రవారం నిండుగా ఉన్న పొద సోమవారానికి ఈనెలు మాత్రమే మిగిలి నిలబడుతుంది. ఆకులు తినే ఒక పురుగు పని అది. ఈ గూస్‌బెర్రీ మన ఉసిరి కాదు, కరెంట్‌కు దగ్గరి చుట్టం. రెండింటికీ పురుగులూ తెగుళ్లూ దాదాపు ఒకటే. కంగారుగా గార్డెన్ షాపుకు వెళ్తే అరలో బీటీ (బాక్టీరియాతో చేసిన పురుగుమందు), వేపనూనె, పురుగుమందు సబ్బు, స్పైనోసాడ్ వరసగా ఉంటాయి. అన్నిటి మీదా ఆర్గానిక్ అనే మాట ఉంటుంది. వాటిలో ఈ పురుగు మీద పనిచేసేవి ఒకటిన్నర. పూర్తిగా పనిచేసేది స్పైనోసాడ్, పిల్ల పురుగుల మీద మాత్రమే పనిచేసేది సబ్బు.

ఇక్కడ చూస్తున్నది ఇళ్ల తోటలకు అమ్మే 0.5 శాతం స్పైనోసాడ్ గాఢ ద్రావణం. అమెరికాలో ఇది ఎక్కువగా కెప్టెన్ జాక్స్ డెడ్‌బగ్ బ్రూ, మాంటెరే గార్డెన్ ఇన్సెక్ట్ స్ప్రే అనే పేర్లతో దొరుకుతుంది. రెండింట్లో అసలు మందు ఒకటే, బలం ఒకటే, కలిపే మోతాదు కూడా ఒకటే. ఏది చవగ్గా కనిపిస్తే అది తీసుకోవచ్చు. కరెంట్, గూస్‌బెర్రీ పేర్లు లేబుల్ మీద ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి.

మిర్చి, పత్తి పండించే ఇళ్లవాళ్లకు ఈ మందు కొత్తది కాదు. నేలలో ఉండే ఒక బాక్టీరియాను పులియబెట్టి తీసే ఈ మందే ట్రేసర్ పేరుతో మన దగ్గర తామర పురుగులకు, కాయతొలుచు పురుగుకు కొడతారు. అది 45 శాతం, లీటరుకు 0.3 మి.లీ. వేస్తారు, అంటే లీటరు నీళ్లలో సుమారు 135 మి.గ్రా. అసలు మందు. ఇక్కడి సీసా లెక్క ప్రకారం కలిపితే లీటరుకు 80 మి.గ్రా. దరిదాపుల్లో పడుతుంది. పలచన అనిపించినా కరెంట్ పొద మీది పురుగుకు అది చాలు. ఊరు వెళ్లినప్పుడు ట్రేసర్ సీసా సూట్‌కేసులో పెట్టుకొచ్చే ఆలోచన మానుకోండి. అమెరికాలో నమోదు కాని పురుగుమందును అలా తేవడం చట్టవిరుద్ధం. పైగా 0.3 మి.లీ. కొలిచే చోట టేబుల్‌స్పూనుతో పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక పురుగు సంగతి. లేత ఆకుపచ్చ ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు, నల్ల తల, పెరిగాక రెండు సెంటీమీటర్ల పొడవు. చూడ్డానికి అచ్చం గొంగళి పురుగే. నిజానికి ఇది సీతాకోకచిలుక జాతిది కాదు, సాఫ్లై అనే ఈగలాంటి కీటకం పిల్ల. తేడా పొట్ట కింద కాళ్లలో ఉంటుంది. సీతాకోకచిలుక, రెక్కల పురుగుల పిల్లలకు పొట్ట కింద మెత్తటి కాళ్లు 5 జతలకు మించవు, సాఫ్లై పిల్లకు 6 జతలు, అంతకన్నా ఎక్కువ. ఈ లెక్క తప్పినవాళ్లే బీటీ కొంటారు. షాపులో ఎక్కువగా దొరికే కుర్‌స్టాకి రకం బీటీ సీతాకోకచిలుక జాతి పిల్లల కడుపులోనే పనిచేస్తుంది. సాఫ్లై పిల్ల దాన్ని తిని, తర్వాతి ఆకు మీదికి పాకుతుంది. బీటీ పనిచేయలేదని దాని రివ్యూల్లో ఒక చుక్క ఇచ్చినవాళ్లలో కొందరి గొడవ ఇదే అయి ఉంటుంది. మందుది తప్పు కాదు.

స్పైనోసాడ్ తగిలిన ఆకు తిన్న పురుగు కొద్ది గంటల్లో మేత మానేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. కొట్టిన మర్నాడు పురుగు ఇంకా ఆకుకు వేలాడుతూ కనిపిస్తే మళ్లీ కొట్టేయకండి. కొత్త చిల్లులు పడుతున్నాయా లేదా అన్నది చూడండి.

అసలు చిక్కు సమయంతో. కరెంట్ పొదలు వసంతం మొదట్లోనే పూస్తాయి. సాఫ్లై గుడ్లు పెట్టేదీ ఆ రోజుల్లోనే. ఆకు అడుగున పెద్ద ఈనె వెంట తెల్లటి గుడ్లు వరసగా పేర్చినట్టు ఉంటాయి. స్పైనోసాడ్ తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకు విషం, ఆరిన తర్వాత ప్రమాదం బాగా తగ్గుతుంది. కాబట్టి పూత ఉన్నన్నాళ్లూ సీసా మూత తీయకూడదు. ఆ రోజుల్లో చెయ్యాల్సిన పని వేరు. పొద మధ్యలో, నేలకు దగ్గరగా ఉన్న ఆకుల్ని రెండు మూడు రోజులకోసారి తిప్పి చూసి, గుడ్ల వరసలున్న ఆకుల్నీ, గుండుసూది తలంత చిల్లులు పడిన ఆకుల్నీ కోసి సబ్బు నీళ్లలో వేయాలి. పిల్ల పురుగులు మొదట గుంపుగా ఒకే ఆకు మీద ఉంటాయి, ఆ దశలో ఒక ఆకు కోస్తే ముప్ఫై నలభై పురుగుల పీడ పోయినట్టే. పైనున్న కొమ్మల చివర్లు చూసి బాగానే ఉందని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. దాడి మొదలయ్యేది కింద నుంచి, లోపలి నుంచి.

రేకులు రాలాక కూడా పురుగు ఉంటే అప్పుడు మందు. లేబుల్ మోతాదు గ్యాలన్ నీళ్లకు 4 టేబుల్‌స్పూన్లు, అంటే క్వార్టు చేతి స్ప్రేయర్‌కు ఒక టేబుల్‌స్పూను, లీటరైతే 15 మి.లీ. పైన ఒక పిసరు. సీసాను ముందు బాగా కుదపాలి, మందు అడుగుకు దిగి ఉంటుంది. రెండు మూడేళ్ల పొదకు అర క్వార్టు, ముదురు పొదకు క్వార్టు చాలు. ఎండకు ఈ మందు త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం, తేనెటీగలు గూటికి చేరాక కొట్టాలి. నాజిల్‌ను పొద లోపలికి పెట్టి కింద నుంచి పైకి కొట్టాలి, ఆకు అడుగు తడవకపోతే కొట్టనట్టే. అంటుకోవాలని గిన్నెలు తోమే సబ్బు కలిపేవాళ్లున్నారు, దాంతో ఆకు అంచులు మాడతాయి. రెండోసారి అవసరమైతే కనీసం ఆరు రోజులు ఆగాలి. కోతకు ముందు వదలాల్సిన గడువు లేబుల్‌లో బుష్‌బెర్రీల (కరెంట్, గూస్‌బెర్రీ లాంటి పొద పండ్ల) కింద 3 రోజులని ఉంటుంది. మీ సీసా మీద వేరేగా ఉంటే అదే పాటించండి. కలిపిన మందు మిగిల్చి మర్నాటికి ఉంచొద్దు.

16 ఔన్సుల సీసా 20 డాలర్లకు అటూఇటూ ఉంటుంది. అందులో 32 టేబుల్‌స్పూన్లు, అంటే 32 క్వార్టుల ద్రావణం. రెండు పొదలకు అది చాలా ఏళ్ల సరుకు, ఈలోపు మందు పాతబడిపోతుంది. 8 ఔన్సుల సీసా దొరికితే అదే కొనడం తెలివి. గొట్టానికి తగిలించే రకం ఈ పనికి వద్దు. నీటి ధార ఆకు పైభాగానికే కొట్టుకుంటుంది, మోతాదు కూడా చేతిలో ఉండదు. పొడి రకమూ అంతకన్నా నయం కాదు, ఆకు అడుగుకు అంటదు, పూల మీద పడితే ఆరిపోవడమన్న మాటే లేదు.

ఇక ఈ సీసా చేతులెత్తేసే చోట్లు. కొమ్మ చివరి ఆకులు ఎర్రగా బొబ్బలెక్కి ముడుచుకుంటే అది తెగులు కాదు, అడుగున పేనుబంక ఉంది. రసం పీల్చే పురుగుల మీద స్పైనోసాడ్ పెద్దగా పనిచేయదు. పురుగుమందు సబ్బును 2 శాతం కలిపి బొబ్బల లోపలికి తగిలేలా కొడితే చస్తాయి, తడి తగలని పేను మాత్రం బతికే ఉంటుంది. చచ్చినా బొబ్బ చదును కాదు, దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోకూడదు. నిజానికి కాయకు దీనివల్ల నష్టం తక్కువ. నీళ్ల ధారతో అడుగులు కడగడం, మరీ ముడుచుకున్న చివర్లు తుంచెయ్యడం చాలు. ఏటా వస్తుంటే మొగ్గ పగలకముందు, చలికాలం చివర్లో, గడ్డకట్టని రోజు చూసి డార్మెంట్ ఆయిల్ (మొక్క నిద్రలో ఉన్నప్పుడు కొట్టే నూనె) కొడితే కొమ్మల మీది గుడ్లు పోతాయి.

వేపనూనె గురించి ఒక మాట, ఎందుకంటే మనవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. మన దగ్గర 1500 పీపీఎం, 10000 పీపీఎం అని కొనేది అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే అసలు మందు) బలం చూసి. అమెరికా షాపుల్లో 70 శాతం శుద్ధి చేసిన వేపనూనె అని ఉండే సీసాలో అజాడిరక్టిన్‌ను చాలావరకు తీసేసి ఉంటారు. మిగిలింది పురుగుకు ఊపిరాడకుండా చేసే నూనె, బూడిద తెగులుకు ఓ మోస్తరు మందు. పేనుబంకకు, బూడిద తెగులు మొదలయ్యేటప్పుడు సరే. పెరిగిన సాఫ్లై పురుగుకు దీన్ని నమ్ముకుంటే పొద మిగలదు. మన వేప మందు లాంటిదే కావాలంటే లేబుల్ మీద అజాడిరక్టిన్ పేరు ఉన్నదే అడగాలి.

జూలైలో కింది ఆకుల మీద గోధుమ రంగు చుక్కలు పడి, పసుపెక్కి రాలిపోతుంటే అది ఆకుమచ్చ తెగులు, శిలీంద్రం పని. దానికి పురుగుమందు కొట్టడం డబ్బూ శ్రమా రెండూ వృథా. శిలీంద్రం రాలిన ఆకుల్లోనే చలికాలం గడుపుతుంది. శరదృతువులో ఆకులన్నీ ఊడ్చి బయట పారేయడం, నీళ్లు మొదట్లోనే పోయడం, రెడ్‌కరెంట్‌లో నాలుగో ఏడులోకి వచ్చిన కొమ్మల్ని నేల దగ్గరికి కోసి గాలి ఆడేలా చెయ్యడం, ఇంటి తోటకు సగం కన్నా ఎక్కువ వైద్యం ఇదే. లేత చివర్ల మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. గంధకం పనిచేస్తుంది, కానీ ఎండ 30 డిగ్రీలు దాటే రోజుల్లో కొట్టినా, నూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా ఆకు మాడుతుంది. కొన్ని గూస్‌బెర్రీ రకాలు గంధకాన్ని అసలు తట్టుకోలేవు, ముందు ఒక కొమ్మ మీద చూడండి. వసంతంలో ఒక్క కొమ్మ మాత్రం వాడిపోయి, దాన్ని కోస్తే మధ్య బెండు నల్లగా బోలుగా ఉంటే కాండం తొలిచే పురుగు. లోపలున్న దాన్ని ఏ స్ప్రే తాకదు, బెండు శుభ్రంగా కనిపించేదాకా కిందికి కోసుకుంటూ వెళ్లాలి.

మీ దగ్గర ఉన్నది బ్లాక్‌కరెంట్ ఒక్కటే అయితే ఈ సీసా కొనకండి. ఈ సాఫ్లై రెడ్, వైట్ కరెంట్లనూ గూస్‌బెర్రీనీ పట్టినట్టు బ్లాక్‌కరెంట్‌ను పట్టదు. దానికి అసలు భయం వేసవి చివర ఆకు అడుగున నారింజ రంగు పొక్కులుగా వచ్చే తెల్ల పైన్ తుప్పు తెగులు. ఈ తుప్పు పొదల నుంచి పాకకుండా పైన్ చెట్లను కాపాడటానికి వీటి పెంపకం మీద పెట్టిన దేశవ్యాప్త నిషేధం 1966లో పోయింది, న్యూయార్క్ 2003లో తలుపు తెరిచింది, కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఇంకా ఉన్నాయి. ఆ 20 డాలర్లతో మీ రాష్ట్రం ఒప్పుకునే టైటానియా, కాన్సార్ట్ లాంటి తుప్పు తట్టుకునే మొక్క ఒకటి కొనుక్కోవచ్చు. కాకపోతే ముందు రాష్ట్ర వ్యవసాయ శాఖ జాబితా చూసి, ఆ తర్వాతే నర్సరీకి ఆర్డర్ పెట్టండి.