అనంతపురంలో ఏడేళ్లు, అయిదు వస్తువులు: అదనపు వారంటీకి పెట్టిన డబ్బు తిరిగి వచ్చిందా?

2018 ఫిబ్రవరిలో అనంతపురం సాయినగర్‌లో గృహప్రవేశం చేసినప్పుడు ఇంటికి కావలసిన పెద్ద వస్తువులన్నీ ఒకే దుకాణంలో కొన్నాము. ఫ్రిజ్, ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్, టన్నున్నర ఏసీ, టీవీ, పదిహేను లీటర్ల గీజర్, ఈ అయిదింటికీ బిల్లు వేసే చోటే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా అంటగట్టారు. ఫ్రిజ్‌కు 1,900 రూపాయలు, వాషింగ్ మెషీన్‌కు 3,200, ఏసీకి 4,600, టీవీకి 2,400, గీజర్‌కు 700, మొత్తం 12,800 రూపాయలు. ఆ రోజు నుంచి ఈ వస్తువుల మీద పెట్టిన ప్రతి రూపాయినీ ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను కాబట్టి, ఊహతో కాక లెక్కతో మాట్లాడగలుగుతున్నాను.

మొదట తెలుసుకోవలసింది కాలం సంగతి. ఏసీకి "అయిదేళ్ల వారంటీ" అని దుకాణంలో చెప్పారు గాని, అందులో మొదటి ఏడాది తయారీ కంపెనీ ఎలాగూ ఇచ్చేదే. మనం డబ్బు కట్టింది మిగిలిన నాలుగేళ్లకు మాత్రమే. పైగా కట్టే డబ్బులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కార్డు మీద దుకాణం పేరు అచ్చయి ఉన్నా, మరమ్మతు బాధ్యత వేరొక సంస్థదని మాకు తెలిసింది మొదటి ఫిర్యాదు చేసిన రోజునే.

ఆ మొదటి ఫిర్యాదు గీజర్‌ది. 2019 డిసెంబరులో నీళ్లు వేడెక్కడం మానేశాయి. వచ్చిన టెక్నీషియన్ నీటిని వేడిచేసే కడ్డీని, అంటే ఎలిమెంట్‌ను, బయటికి తీసి చూపించాడు. దాని చుట్టూ వేలు మందాన తెల్లగా సున్నం పేరుకొని ఉంది. "ఇది ఉప్పు పట్టింది మేడమ్, వారంటీలోకి రాదు" అన్నాడు. షరతుల కాగితం తీసి చదివితే, కఠిన జలం (లవణాలు ఎక్కువగా ఉన్న నీరు) వల్ల కలిగే నష్టంతో తమకు సంబంధం లేదని నిజంగానే రాసి ఉంది. కొత్త ఎలిమెంట్‌కు 1,150 రూపాయలు మేమే ఇచ్చుకున్నాము. 2020 ఆగస్టులో వాషింగ్ మెషీన్ హీటర్ కూడా ఇదే కారణంతో కాలిపోయింది, ఇదే సమాధానం వచ్చింది, 2,350 రూపాయలు ఖర్చయింది.

ఈ విషయాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో దీని బరువు వేరు. మా వీధిలో తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పించుకోని ఇల్లు లేదు, కాని మనం నోట పెట్టుకోలేని ఆ బోరు నీళ్లనే గీజర్‌లోకీ మెషీన్‌లోకీ వదులుతాము. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలినప్పుడు గట్టిపడి ఎలిమెంట్‌కు అంటుకుంటాయి. వేడి నీటిలోకి పోక ఎలిమెంట్‌లోనే నిలిచిపోతుంది, అది కాలిపోతుంది. అంటే మా ఇంట్లో వస్తువును పాడుచేయడానికి అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న కారణాన్నే వారంటీ ముందుగా తప్పించింది. బెంగళూరులో కావేరి నీళ్లు వచ్చే ఇంటికీ, ఇక్కడ బోరు ఉన్న ఇంటికీ ఒకే ధరకు అమ్మే ఈ కాగితం విలువ రెండు చోట్లా ఒకటి కాదు.

ఇక ఏసీ విషయంలో నాకు మేలే జరిగింది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2022 మే మొదటి వారంలో, బయట నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది. ఇన్వర్టర్ ఏసీలో ఖరీదైన భాగాల్లో అదొకటి. బోర్డుకు 7,400, కూలికి 600, మొత్తం 8,000 రూపాయల పని పైసా లేకుండా అయింది. అయితే వచ్చినతను ముందుగా చూసింది ఏసీని కాదు, స్టెబిలైజర్‌ను. వేసవి సాయంత్రాల్లో మా వీధిలో వోల్టేజి 170 వోల్టులకు పడిపోవడం నేను మీటరులో చూశాను. స్టెబిలైజర్ లేకపోయి ఉంటే వోల్టేజి హెచ్చుతగ్గుల నిబంధన కింద ఈ క్లెయిము కూడా పోయేది. అంతా ఉచితమే గాని, పట్టిన కాలం పంతొమ్మిది రోజులు. 515001 పిన్‌కోడ్‌లో తమకు సర్వీసు చేసేవారు లేరని మొదట చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో (ఇప్పటి నంబరు 1915) ఫిర్యాదు నమోదు చేసిన తరువాతే మనిషి వచ్చాడు. ఉబ్బసం ఉన్న మా అత్తగారు ఆ పంతొమ్మిది రోజులూ తడిగుడ్డ కప్పుకొని పడుకున్నారు. ఆ కష్టానికి నా పుస్తకంలో ఏ అంకె వేయాలో నాకు తెలియలేదు.

వాషింగ్ మెషీన్ తలుపు లాక్ 2021లో ఉచితంగా మార్చారు, దాని విలువ 1,300. టీవీ తెరపై గీతలు వారంటీ ముగిసిన నాలుగు నెలలకు వచ్చాయి. ఫ్రిజ్‌కు వారంటీ ఉన్నంత కాలం ఏ రోగమూ రాలేదు. 2023లో కంప్రెసర్ పోతే, కంపెనీ ఇచ్చిన పదేళ్ల హామీ మీద కంప్రెసర్ ఉచితంగా వచ్చింది గాని గ్యాస్‌కూ కూలికీ 3,100 రూపాయలు తీసుకున్నారు. పదేళ్ల హామీ సాధారణంగా ఆ ఒక్క భాగానికే వర్తిస్తుందని చాలామంది గమనించరు.

మొత్తం మీద 12,800 కట్టి 9,300 విలువైన పని పొందాము. కాని విడివిడిగా చూస్తే ఏసీ, వాషింగ్ మెషీన్‌లకు కట్టిన 7,800 మీద పదిహేను వందలు మిగిలాయి, మిగతా మూడింటికి కట్టిన అయిదు వేలు పూర్తిగా పోయాయి. అందువల్ల బోర్డు ఖరీదుగా ఉండి, ఏటా నెలల తరబడి ఎండలో పనిచేసే ఏసీకి, అదీ తయారీ కంపెనీ స్వయంగా ఇచ్చే పొడిగింపు అయితే, తీసుకోమనే చెబుతాను. గీజర్‌కు మాత్రం వద్దు. ఆ డబ్బుతో మెకానిక్‌ను పిలిపించి ట్యాంకులోని సున్నం తీయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీని చూపించుకోవచ్చు. మేము 2020 నుంచి మెషీన్‌ను రెండు నెలలకొకసారి నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా వేడి నీటిలో తిప్పుతున్నాము, ఆ తరువాత హీటర్ మళ్లీ పోలేదు.

క్లెయిమును అన్యాయంగా తిరస్కరించారని అనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్ల గడువు మాత్రం దాటనివ్వకూడదు. బిల్లు, వారంటీ కాగితం, స్టెబిలైజర్ బిల్లు ఒకే కవరులో ఉంచండి. దుకాణాల బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోవచ్చు కనుక కొన్న రోజే జిరాక్స్ తీయించండి.

మొన్న వేసవికి ముందు మా తమ్ముడికి ఏసీ కొనడానికి వెళ్లినప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటారా అని దుకాణంలో మళ్లీ అడిగారు. డబ్బు కట్టేముందు షరతుల కాగితం చూపించమన్నాను. కట్టిన తరువాత ఈమెయిల్‌కు వస్తుందన్నారు. తమ్ముడు స్టెబిలైజర్ మాత్రం తీసుకొని, పొడిగింపును కంపెనీ దగ్గరే నేరుగా కొనుక్కున్నాడు.